స్వయం వృత్తిదారుల వార్ధక్య భృతి, పన్ను రాయితీ: ఒక చారిత్రక పరిశీలన

నెలజీతం మీద పనిచేసేవానికి ముసలితనం వస్తే పింఛను వస్తుంది. సొంత చేతులను నమ్ముకొని బతికేవానికి ముసలితనం వస్తే ఏం వస్తుంది? సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే నేతగాణ్ణి, దుబ్బాకలో ఇంటి వాకిట చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీని, కుట్టుమిషను ముందు నడుం వంగిపోయిన దర్జీని, బండి మీద పండ్లు అమ్మే చిరువర్తకుణ్ణి ఈ ప్రశ్న అడిగితే జవాబు ఒక్కటే: "అల్లాహ్ ఉన్నాడు, పిల్లలున్నారు." ఈ జవాబులోని విశ్వాసం మెచ్చదగినదే. అయితే ఈ జవాబు వెనుక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుసుకోకుండా విశ్వాసాన్ని మాత్రమే ప్రశంసించి ఊరుకోవటం న్యాయం కాదు.

వీరు సమాజంలో ఏ మూలనో ఉన్న కొద్దిమంది కారు. భారత ప్రభుత్వం 2023-24 సంవత్సరానికి ప్రకటించిన శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవారిలో 58.4 శాతం మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారు. అంటే జీతగాడు మైనారిటీ, స్వయం వృత్తిదారుడు మెజారిటీ. అయినా పింఛను చరిత్ర, పన్ను రాయితీల చరిత్ర తిరగేసి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: వృత్తిదారుని మీద పన్ను వేయటంలో రాజ్యాలు ఎన్నడూ ఆలస్యం చేయలేదు, అతని వార్ధక్యాన్ని గురించి ఆలోచించటంలో మాత్రం ఎల్లప్పుడూ ఆలస్యమే జరిగింది. ఆధునిక కాలపు ధర్మశాస్త్ర చర్చలోనూ అతని వంతు ఆలస్యంగానే వచ్చింది. ఈ వ్యాసంలో ఈ మూడు విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

ముహ్తరిఫ్: ఒక పదం, రెండు అర్థాలు

అరబీ భాషలో 'హిర్ఫా' అంటే చేతివృత్తి. 'ముహ్తరిఫ్' అంటే ఆ వృత్తితో జీవనం సాగించేవాడు. మన మదరసాలలో తరతరాలుగా బోధింపబడుతున్న 'హిదాయా' గ్రంథకర్త ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197) జకాత్ ప్రకరణంలో, ఏయే వస్తువుల మీద జకాత్ లేదో వివరిస్తూ నివసించే ఇల్లు, తొడుక్కొనే దుస్తులు, ఇంటి సామాను, ఎక్కి తిరిగే పశువు మొదలైనవాటిని పేర్కొన్నారు. వాటి సరసనే పండితుని గ్రంథాలను, 'ముహ్తరిఫ్'ల పనిముట్లను చేర్చారు. కారణం కూడా చెప్పారు: ఇవి మనిషి మౌలిక అవసరాలు, పైగా ఇవి పెరిగే సంపద కాదు. అంటే మగ్గం, కత్తెర, కొలిమి, రంపం వంటివి బతుకుదెరువుకు ఆధారాలు. వాటి మీద జకాత్ విధించటమంటే మనిషి కూర్చున్న కొమ్మనే నరకటం. షరీఅత్ ఆ పని చేయలేదు. పనిముట్టును వదిలి, అవసరాలు తీరగా మిగిలి, ఏడాది పాటు నిలిచిన సంపద మీదనే జకాత్ విధించింది.

ఇదే పదం దక్కను రెవెన్యూ దస్తరాలలో మరొక రూపంలో కనిపిస్తుంది. 'ముహ్తరిఫా' అనే పన్ను తెలుగు నోళ్లలో 'మొహతర్ఫా' అయింది. అది వృత్తుల మీద పన్ను. మగ్గం మీద, గానుగ మీద, అంగడి మీద పన్ను. ధర్మశాస్త్ర గ్రంథంలో మినహాయింపుకు గుర్తుగా నిలిచిన మాట, రాజుల లెక్కల పుస్తకంలో వసూలుకు గుర్తుగా మారింది. ఈ పన్ను తీసుకొన్నవారిలో ముస్లిం పేర్లు గల పాలకులు కూడా ఉన్నారని మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. తరువాత ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో దీనిని కొనసాగించింది. నేతగాళ్లు, వడ్రంగులు, లోహపు పనివారు, చిల్లర అమ్మకందారులు ఈ పన్ను కింద ఎలా నలిగిపోతున్నారో 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన విజ్ఞాపనలో మొరపెట్టుకొంది. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో అక్కడ ఈ పన్ను తొలగిపోయింది గాని, వృత్తిదారుడు పన్ను కట్టేవాడే తప్ప పొందేవాడు కాడనే భావం రాజ్యాల మనసులో నుండి తొలగిపోలేదు.

దీవాన్, ఒక వృద్ధుని కథ

ఇస్లామీయ చరిత్రలో ప్రజలకు క్రమబద్ధమైన భృతి ఇచ్చిన తొలి ఏర్పాటు హజ్రత్ ఉమర్ (రజి) నెలకొల్పిన 'దీవాన్'. చరిత్రకారులు దీనిని హి.శ. 20 (క్రీ.శ. 641) నాటిదని చెబుతారు, కొందరు హి.శ. 15 అంటారు. పేర్లు నమోదు చేసి, 'అతా' పేరుతో ఏడాదికి ఇంత అని భృతి నిర్ణయించారు. ప్రారంభంలో ఇది ముజాహిదులకు, వారి కుటుంబాలకు, తొలి ముస్లిములకు సంబంధించిన ఏర్పాటు. తరువాత పసిపిల్లలను కూడా ఇందులో చేర్చారు. అయితే తరువాతి రాజవంశాల కాలంలో ఈ జాబితా క్రమంగా కుదించుకుపోయి, చివరకు సైనికుల జీతాల పట్టికగా మిగిలింది. బజారులో పనిచేసే చేతిపనివానికి అందులో చోటు దొరకలేదు.

కాని మన చర్చకు దీవాన్ కంటే ముఖ్యమైనది మరొక సంఘటన. ఖలీఫా హారూన్ రషీద్ కోరిక మీద 'కితాబుల్ ఖరాజ్' రచించిన ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి.శ. 182, క్రీ.శ. 798) దానిని తమ గ్రంథంలో పొందుపరిచారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒకనాడు ఒక గుడ్డి వృద్ధుడు ఇంటి ముందు నిలబడి యాచించటం చూశారు. విచారించగా అతడు యూదుడని, జిజ్యా కట్టవలసి రావటం, అవసరం, ముసలితనం తనను ఈ స్థితికి తెచ్చాయని తెలిసింది. ఆయన అతణ్ణి చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొనిపోయి ఉన్నదేదో ఇచ్చారు. అంతటితో ఆగలేదు. బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతణ్ణీ ఇతనిలాంటి వారినీ చూడవలసిందని ఆదేశించారు. యౌవనంలో ఇతని సంపాదన నుండి తీసుకొని, వార్ధక్యంలో ఇతణ్ణి వదిలివేయటం న్యాయం కాదన్నది ఆయన భావం. ఆ వృద్ధుని నుండి, అలాంటి వారి నుండి జిజ్యా తొలగించబడింది. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) హీరా ప్రజలతో చేసుకున్న ఒప్పందంలో కూడా, పనిచేసే శక్తి ఉడిగిన వృద్ధునికి జిజ్యా మాఫీ చేసి అతణ్ణి, అతని కుటుంబాన్ని బైతుల్ మాల్ నుండి పోషించాలనే షరతు ఉన్నట్లు అదే గ్రంథం తెలుపుతుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. ఆ వృద్ధుడు ఖలీఫా సేవకుడు కాడు, సైనికుడు కాడు, ముస్లిం కూడా కాడు. అతని హక్కుకు ఆధారం కొలువు కాదు. అతడు పన్ను చెల్లించినవాడు కావటమే. పన్నుకు, వార్ధక్య భృతికి మధ్య ఇంత సూటిగా సంబంధం కలిపిన ఉదాహరణలు ప్రాచీన చరిత్రలో అరుదు. ఆధునిక రాజ్యాలు ఈ మెట్టు దగ్గరికి రావటానికి పన్నెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అప్పుడైనా అవి ముందుగా తలచుకొన్నది కొలువు చేసేవారినే.

వజీఫా ఎవరికి?

మన హైదరాబాద్ రాజ్యాన్నే తీసుకుందాం. సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలోని తాలూకా. మొదటి సాలార్ జంగ్ 1853 నుండి 1883 వరకు దివానుగా ఉండి పరిపాలనను సంస్కరించారు. 1865లో జిల్లాబందీ జరిగింది. అధికారులకు నగదు జీతాలు ఏర్పడ్డాయి. జీతంతో పాటు 'వజీఫా' కూడా స్థిరపడింది. ఉద్యోగ విరమణను హైదరాబాద్ ఉర్దూలో 'వజీఫయె హుస్నె ఖిద్మత్' అంటారు. చక్కగా సేవ చేసినందుకు ఇచ్చే భృతి అని అర్థం. ఉర్దూ పత్రికల్లో ఈ మాట ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎంతో అందమైన మాట. కాని ఈ 'ఖిద్మత్' ఎవరికి చేసిన సేవ? సర్కారుకు చేసిన సేవ. ఊరంతటికీ బట్ట నేసినవాడు, నాగలి చెక్కినవాడు, పరుపు కుట్టినవాడు చేసినది కూడా ఖిద్మతే గాని, దానికి వజీఫా లేదు. తహసీలు కచేరీలో గుమాస్తాకు పింఛను ఉంది; ఆ గుమాస్తా తొడుక్కొన్న షేర్వానీ కుట్టిన దర్జీకి లేదు.

ఆదాయపు పన్ను చట్టాలలో జీతగాడు, వృత్తిదారుడు

బ్రిటన్‌లో ఉద్యోగుల పింఛను నిధులకు పన్ను మినహాయింపునిస్తూ 1921లో ఆర్థిక చట్టం వచ్చింది. సొంత వ్యాపారం, సొంత వృత్తి చేసుకొనేవారు అలాంటి రాయితీ కోసం మరో 35 ఏళ్లు ఆగవలసి వచ్చింది. మిల్లర్డ్ టకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1954లో నివేదిక ఇచ్చిన తరువాత, 1956 ఆర్థిక చట్టం వారికి ఆ సౌకర్యం కలిగించింది: ఆదాయంలో పదోవంతు వరకు, 750 పౌండ్లకు మించకుండా, వార్ధక్యం కోసం చెల్లించే సొమ్ము మీద పన్ను ఉండదు. అమెరికాలో న్యూయార్క్ ప్రతినిధి యూజీన్ కియో పదేళ్లకు పైగా పట్టు విడవకుండా ప్రయత్నించగా 1962లో స్వయం వృత్తిదారుల పింఛను చట్టం వచ్చింది. అందులోనూ మొదట్లో చెల్లించిన సొమ్ములో సగానికే పన్ను తగ్గింపు. అక్కడ కూడా ఉద్యోగులకు ఈ సౌకర్యం 1920లలోనే దక్కింది.

మన దేశంలోనూ వరుస ఇదే. 1922 ఆదాయపు పన్ను చట్టం జీవిత బీమా ప్రీమియానికి రాయితీ ఇచ్చింది. 1929లో ప్రావిడెంట్ ఫండ్ల కోసం ప్రత్యేకంగా రాయితీ చట్టం చేశారు, అది ఉద్యోగులది. హైదరాబాద్ రాజ్యంలో 1357 ఫస్లీలో ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 1950 ఏప్రిల్ 1 నుండి భారత ఆదాయపు పన్ను చట్టమే ఇక్కడికీ వర్తించింది. 1952లో ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఆరు పరిశ్రమలతో మొదలై విస్తరించింది. యజమాని అంటూ ఒకడున్నవారికే అందులో ప్రవేశం.

ఈ కాలమంతా స్వయం వృత్తిదారునికి వృద్ధాప్యం పేరిట పన్ను రాయితీ పొందే ముఖ్యమైన మార్గం జీవిత బీమాయే. ఇక్కడ ముస్లిం వృత్తిదారుని పరిస్థితి మరీ విచిత్రం. బీమాలో వడ్డీ, అనిశ్చితి, జూదపు ఛాయ ఉన్నాయని ధర్మశాస్త్రజ్ఞులలో అధిక సంఖ్యాకులు అభ్యంతరం చెప్పారు. కాబట్టి భయభక్తులున్న వర్తకునికి ప్రభుత్వం తెరిచిన ఆ ఒక్క తలుపు కూడా మూసి ఉన్నట్లే అయింది. అతడు పూర్తి పన్ను కట్టాడు, రాయితీ పుచ్చుకోలేదు. అతని త్యాగం ఏ లెక్కల్లోనూ నమోదు కాలేదు.

1968 జూలై 1న పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ప్రారంభమైంది. యజమాని అవసరం లేకుండా ఎవరైనా చేరగల భవిష్యనిధి ఇది. చిల్లర వర్తకుడు, వైద్యుడు, వకీలు అందరికీ ప్రవేశం ఉంది. గడువు 15 సంవత్సరాలు. మొదటి సంవత్సరపు వడ్డీ 4.8 శాతం. పన్ను రాయితీ దృష్ట్యా ఇది పెద్ద ముందడుగే. కాని ఇది స్పష్టంగా వడ్డీ మీద నడిచే పథకం. ఆ చిక్కును కిందట చర్చిద్దాం.

బీడీ చుట్టే చేతులు: 1985 తీర్పు

సిద్దిపేట ప్రాంతపు చరిత్రలో ఈ సమస్య బీడీ కార్మికుల రూపంలో ఎదురైంది. కంపెనీ గుత్తేదారు ఆకు, తంబాకు, దారం ఇస్తాడు. స్త్రీలు ఇంటి దగ్గర చుట్టి, కట్టలు కట్టి అప్పగిస్తారు. వీరు కూలీలా, స్వయం వృత్తిదారులా? "వారు మా పనివారు కారు, ఇళ్లలో ఇష్టమైనప్పుడు చుట్టుకొనేవారు" అని యజమానుల వాదం. 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేసినప్పుడు ఈ వాదమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో 1985 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఇంటి దగ్గర పనిచేసినంత మాత్రాన సంబంధం తెగిపోదనీ, చుట్టిన బీడీలను పరీక్షించి సరిగా లేనివాటిని తిరస్కరించే అధికారం యజమానికి ఉన్నదనీ, కనుక వారు ఉద్యోగులేననీ న్యాయస్థానం తేల్చింది.

ఈ తీర్పు ఫలితం మన కళ్ల ముందుంది. తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో ఆసరా పింఛన్లు ప్రారంభించి, 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయలు మంజూరు చేసింది. 2019లో దానిని 2,016 రూపాయలు చేసింది. అయితే ఎవరికి? ప్రావిడెంట్ ఫండ్ సంఖ్య ఉన్నవారికి. ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఒకే వాకిట కూర్చొని చుట్టే ఇద్దరు స్త్రీలలో ఒకామెకు కార్డు ఉంటుంది, మరొకామెకు ఉండదు. రెండో ఆమె మొదటి ఆమె కార్డు మీదనే బీడీలు అప్పగిస్తూ ఉంటుంది. చేతులు నాలుగు, లెక్కలో పేరు ఒకటి. కాగితం మీద పేరు లేకపోతే నలభై ఏళ్ల శ్రమ కూడా లేనట్లే. పింఛను చరిత్రలో నమోదు అనేది ఎంత నిర్ణాయకమో దీనివల్ల తెలుస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) భృతి ఇవ్వటానికి ముందు దీవాన్ అనే పుస్తకాన్ని ఎందుకు తెరిచారో కూడా తెలుస్తుంది.

నేతపనివారి విషయంలో మరొక మేలైన ఉదాహరణ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 'నేతన్నకు చేయూత' అనే పొదుపు పథకం ప్రారంభించింది. చేనేత కార్మికుడు తన కూలీలో 8 శాతం జమచేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపేది. నెలకు 10,000 రూపాయల కూలీ వచ్చేవాడు 800 వేస్తే సర్కారు 1,600 వేసేది. పన్ను కట్టేంత ఆదాయమే లేనివానికి పన్ను రాయితీ ఒక వట్టిమాట. ఇలాంటి జత సొమ్మే అతనికి నిజమైన రాయితీ.

2004 తరువాత

2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగుల కోసం మొదలైన జాతీయ పింఛను పథకంలో 2009 మే 1 నుండి పౌరులందరికీ ప్రవేశం లభించింది. పన్ను రాయితీ కూడా ఆ ఏడాదే స్వయం వృత్తిదారులకు విస్తరించింది. మొదట ఆదాయంలో 10 శాతం వరకు రాయితీ. ఉద్యోగికి తన 10 శాతానికి తోడు యజమాని వేసే భాగం మీద కూడా రాయితీ ఉండగా, స్వయం వృత్తిదారునికి యజమాని లేడు కదా అన్న న్యాయం 2017 ఆర్థిక చట్టంలో గుర్తింపబడి, అతని పరిమితి 20 శాతానికి పెరిగింది. ఇది ఇతర పొదుపులతో కలిపి 1,50,000 రూపాయల హద్దుకు లోబడినది. దీనికి అదనంగా 2015లో వచ్చిన మరో 50,000 రూపాయల రాయితీ ఉంది. ఉదాహరణకు సాలుకు 6,00,000 రూపాయల ఆదాయం గల వర్తకుడు 1,20,000 రూపాయలు ఒక పద్దు కింద, 50,000 రూపాయలు మరొక పద్దు కింద తగ్గించుకోవచ్చు.

కాని ఈ న్యాయం ఎక్కువ కాలం నిలవలేదు. 2020లో కొత్త పన్ను విధానం వచ్చింది. 2023-24 నుండి, కోరుకోకపోయినా వర్తించేది అదే. పాత విధానాన్ని ప్రత్యేకంగా ఎంచుకొన్నవారికే పై రాయితీలు. కొత్త విధానంలో ఉద్యోగి కోసం యజమాని వేసే పింఛను సొమ్ముకు రాయితీ నిలిచే ఉంది. 2024లో దానిని 14 శాతం దాకా పెంచారు కూడా. స్వయం వృత్తిదారుడు తన కోసం తాను వేసుకొనే సొమ్ముకు మాత్రం రాయితీ పోయింది. 2025లో చేసి 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్ణయించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ తేడాను అలాగే ఉంచింది. కొత్త విధానంలో పన్ను రేట్లు తక్కువ అన్నది నిజమే. కాని జీతగానికి రేటు తగ్గింపూ ఉంది, పింఛను రాయితీ కూడా ఉంది. వృత్తిదారునికి రేటు తగ్గింపు ఒక్కటే. 1921లో మొదలైన వ్యత్యాసం నూరేళ్ల తరువాత మరో దారిన తిరిగి వచ్చింది.

బీద వృత్తిదారుల కోసం 2015లో అటల్ పెన్షన్ యోజన వచ్చింది. 18 నుండి 40 ఏళ్లలోపు చేరినవారికి 60 ఏళ్ల తరువాత నెలకు 1,000 నుండి 5,000 రూపాయలు. 2022 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను చెల్లించేవారు ఇందులో కొత్తగా చేరరాదు. 2019 సెప్టెంబరులో చిన్న వర్తకుల కోసం ప్రత్యేక పింఛను పథకం వచ్చింది. అమ్మకాలు సాలుకు కోటిన్నర రూపాయలు మించనివారు, పన్ను చెల్లించనివారు వయసును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు కడితే ప్రభుత్వం అంతే కలుపుతుంది. 60 ఏళ్ల తరువాత నెలకు 3,000 రూపాయలు. 29వ ఏట చేరినవాడు నెలకు 100 చొప్పున 31 ఏళ్లలో కట్టేది 37,200 రూపాయలు. లెక్క బాగానే ఉంది. అయితే ముప్ఫై ఏళ్ల తరువాత 3,000 రూపాయలకు ఎన్ని సేర్ల బియ్యం వస్తాయో ఈ పథకం చెప్పదు. చేరినవారి సంఖ్య కూడా ఆశించినదానికి చాలా దూరంలోనే ఉండిపోయింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి స్వయం ఉపాధి వారి కోసం పథకాలు రూపొందించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అధికారం వచ్చింది, అది పథకంగా మారి బజారు దాకా రావాలి.

ధర్మశాస్త్ర చర్చలో స్వయం వృత్తిదారుడు

ఇప్పుడు మన సొంత ఇంటి విషయానికి వద్దాం. ప్రావిడెంట్ ఫండ్ మీద వచ్చే అదనపు సొమ్ము వడ్డీయా కాదా అన్న ప్రశ్నకు మౌలానా ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897-1976) ఇచ్చిన సమాధానం ఉపఖండంలో విస్తృతంగా అంగీకరింపబడింది. దాని సారాంశం ఇది: జీతం నుండి నిర్బంధంగా కోసిన సొమ్ము ఉద్యోగి స్వాధీనంలోకి రాలేదు. కాబట్టి దాని మీద యజమాని చేర్చి ఇచ్చేది ధర్మశాస్త్ర రీత్యా వడ్డీ కాదు. జీతంలో భాగంగానో, బహుమానంగానో పరిగణించవచ్చు. అయితే ఉద్యోగి తన ఇష్టంతో ఎక్కువ కోయించుకొంటే అందులో వడ్డీ పోలిక ఉన్నది, దూరంగా ఉండటం మంచిది. జకాత్ కూడా నిర్బంధ నిధి మీద చేతికి వచ్చిన తరువాతనే.

ఈ సమాధానం తర్కబద్ధమైనది, ఉద్యోగులకు ఊరట కలిగించినది. కాని స్వయం వృత్తిదారుని వైపు నుండి దీనిని చదివి చూడండి. అతని సొమ్ము ముందు అతని చేతికి వస్తుంది. అతడు వేసేదంతా ఐచ్ఛికమే. అతణ్ణి ఎవరూ నిర్బంధించరు. కోయటానికి యజమాని లేడు. కాబట్టి ఉద్యోగికి దొరికిన సడలింపు అతనికి దొరకదు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో వేసిన అసలు మీద ఏటేటా జకాత్ ఇవ్వాలని కూడా ఎక్కువమంది ముఫ్తీల అభిప్రాయం. ఒకే మస్జిదులో ఒకే వరుసలో నిలబడే ఇద్దరిలో ఉద్యోగికి ప్రభుత్వ రాయితీ ఉంది, ఫత్వా రాయితీ కూడా ఉంది. దర్జీకి రెండూ లేవు.

దీనికి ఉలమాను నిందించటం సరికాదు. ముఫ్తీ అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాడు. అడిగినవారు ఎవరు? కాగితం, కలం, కచేరీ అలవాటున్న ఉద్యోగులు. బజారు మనిషి అడగలేదు. దాచుకోవటానికి మిగిలితే గదా అడగటం! ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: పన్ను రూపంలో పోయే సొమ్మును కాపాడుకోవటానికి మాత్రమే చేరి, అసలు వాడుకొని, వడ్డీని ప్రతిఫలాపేక్ష లేకుండా బీదలకు ఇచ్చివేస్తే ఏమంటారు? ప్రభుత్వం కలిపే జత సొమ్ము వడ్డీయా, అనుదానమా? జాతీయ పింఛను పథకంలో 2025 అక్టోబరు 1 నుండి ప్రభుత్వేతర సభ్యులు తమ సొమ్మును నూరు శాతం వరకు వాటాలలో పెట్టించుకొనే వీలు వచ్చింది. ఆ వాటాలలో వడ్డీ వ్యాపారం చేసే బ్యాంకులు కూడా ఉన్నప్పుడు హుకుం ఏమిటి? చివరలో కొంత భాగంతో బీమా కంపెనీ నుండి వార్షిక భృతి కొనవలసి రావటం సంగతి ఏమిటి? ఈ వ్యాసం ఫత్వా కాదు. ఈ ప్రశ్నలను వేర్వేరుగా, వివరాలతో, ప్రామాణిక దారుల్ ఇఫ్తాల ముందు పెట్టవలసిన బాధ్యతను గుర్తుచేయటమే దీని ఉద్దేశం.

ఇతర దేశాలు ఏం చేశాయో కూడా చూడాలి. మలేషియాలో ఆర్థికవేత్త ఉంకు అజీజ్ 1959లో చేసిన సూచన మీద, హజ్ యాత్రికుల పొదుపు సంస్థ 1963లో ఏర్పడింది. ఎద్దును, పొలాన్ని అమ్ముకొని హజ్‌కు వెళ్లి తిరిగివచ్చి నిరుపేదలయ్యే పల్లె ప్రజలను చూసి, వడ్డీ లేకుండా కొద్దికొద్దిగా కూడబెట్టుకొనే మార్గాన్ని ఆయన ఆలోచించారు. 2017 జనవరి నుండి ఆ దేశపు భవిష్యనిధిలోనే షరీఅత్‌కు అనుగుణమైన విభాగం వేరుగా ఏర్పడింది; ఇష్టమున్నవారు అందులోకి మారవచ్చు. మన దేశపు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా షరీఅత్ ప్రమాణాలకు సరిపడే 50 కంపెనీల సూచీ 2010లో ప్రారంభమైంది. అలాంటి సూచీని అనుసరించే పింఛను నిధిని ఎంచుకొనే అవకాశం కల్పించమని కోరటం దయాభిక్ష కాదు; పన్ను కట్టే పౌరుని న్యాయమైన కోరిక.

మన కర్తవ్యం

రేపటి కోసం దాచుకోవటం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు అనుకొంటారు. దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాది గ్రాసాన్ని నిలువ చేసేవారని ప్రామాణిక హదీసులున్నాయి. వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదలటం కంటే కలిగినవారుగా వదలటం మేలని హజ్రత్ సఅద్ (రజి)కు ఆయన బోధించారు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఏడేళ్ల పంటను కరువు కోసం నిలువ చేయించిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. వడ్డీని తప్పించుకోవటం విధి. దాని పేరిట పొదుపునే మానుకోవటం మాత్రం విధి కాదు.

కావున మూడు పనులు అవసరం. మొదటిది నమోదు. మొహల్లా కమిటీలు, చదువుకొన్న యువకులు బీడీ చుట్టే ప్రతి స్త్రీకి సొంత పేరు మీద ప్రావిడెంట్ ఫండ్ సంఖ్య ఉన్నదా అని ఇల్లిల్లూ విచారించాలి. ఇది పైసా ఖర్చు లేని సదఖా. రెండవది విన్నపం. పింఛను సొమ్ము విషయంలో స్వయం వృత్తిదారునికి ఉద్యోగితో సమాన రాయితీని, పన్ను పరిధిలోకి రానివానికి జత సొమ్మును, వడ్డీ లేని విభాగాన్ని ఏర్పాటు చేయమని కోరాలి. ఇవి ముస్లిముల కోసమే కాదు; పద్మశాలీ నేతగానికి, కుమ్మరికి, మంగలికి కూడా ఇదే అవసరం. యూదు వృద్ధుని చేయి పట్టుకొన్న ఖలీఫా వారసులు తమ వారి కోసం మాత్రమే అడగటం శోభించదు. మూడవది జకాత్ పంపిణీ. రమజానులో ఒక్కరోజు పంచే పొట్లాలతో పాటు, పనిచేసే శక్తి ఉడిగిన వృత్తిదారుల జాబితా ఒకటి తయారుచేసి, వారికి నెలనెలా క్రమం తప్పకుండా అందే ఏర్పాటు చేయాలి. అడగకుండా, ఎదురుచూపు లేకుండా, నిర్ణీత తేదీన అందినప్పుడే భృతికి గౌరవం ఉంటుంది. వజీఫా అన్న మాటకు మూలార్థం కూడా అదే: ఇంత అని నిర్ణయింపబడినది.

పనిముట్టును మినహాయించిన ధర్మశాస్త్రం, ఆ పనిముట్టు పట్టుకొన్న చేయి వణికిన రోజున ఆ మనిషిని మరచిపొమ్మని చెప్పలేదు. శక్తి ఉన్నంతకాలం సమాజాన్ని పోషించినవారిని శక్తి ఉడిగాక పోషించే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.